నర్సింగ్‌లో చేరిన మనవరాలికి: జ్వరం దిగిన రోజు

జబ్బు చేసినప్పుడు శరీరం పనితీరు ఎక్కడ, ఎలా దారి తప్పుతుందో చెప్పే చదువు పాథోఫిజియాలజీ. గుండె ఎక్కడ ఉందో అనాటమీ చెబుతుంది. ఎలా కొట్టుకుంటుందో ఫిజియాలజీ చెబుతుంది. చెడిపోయిన గుండె కండరం మైక్రోస్కోపు కింద ఎలా ఉంటుందో పాథాలజీ చూపిస్తుంది. అలాంటి గుండె ఉన్న మనిషికి నాలుగు మెట్లెక్కితే ఆయాసం ఎందుకొస్తోందో, సాయంత్రానికి పాదాలు ఎందుకు వాస్తున్నాయో చెప్పాలంటే ఈ మూడూ కలవాలి. ఈ సబ్జెక్టు విద్యార్థులకు కొండలా కనిపించడానికి కారణం దాన్ని పేర్ల పట్టికలా బట్టీ పట్టడమే. ఒక్క జబ్బును పట్టుకుని మొదటి నుంచి చివరి దాకా వెంబడిస్తే మూల విషయాలన్నీ దారిలోనే ఎదురవుతాయి. తెలుగు జిల్లాల్లో చదివేవాళ్ళకు అందుకు డెంగీని మించిన పాఠం లేదు. వానాకాలం వార్డుల్లో ఆ కేసులు కళ్ళెదుటే ఉంటాయి.

ముందుగా తెలియాల్సింది హోమియోస్టాసిస్. బయట ఎండ 44 డిగ్రీల సెల్సియస్ కాసినా ఆరోగ్యంగా ఉన్న ఒంట్లో వేడి 37 దగ్గరే నిలుస్తుంది. ఒక పూట పస్తున్నా, పెళ్ళి భోజనం చేసినా రక్తంలో చక్కెర హద్దు దాటదు. శరీరం తన లోపలి వాతావరణాన్ని ఇలా నిలకడగా ఉంచుకుంటుందని 19వ శతాబ్దంలో ఫ్రాన్స్‌కు చెందిన క్లాడ్ బెర్నార్డ్ చెప్పాడు. దానికి హోమియోస్టాసిస్ అని పేరు పెట్టిన అమెరికన్ వాల్టర్ కానన్, 1932లో ఆ విషయం మీదే ఒక పుస్తకం రాశాడు. నిలకడ చెదిరినప్పుడు సరిదిద్దుకోవడానికి శరీరం పడే పాటు కాంపెన్సేషన్. ఈ ఒక్క మాట బోధపడితే సగం సబ్జెక్టు వచ్చినట్టే. ఛార్టులో బీపీ బాగానే ఉండవచ్చు. ఆ బీపీని నిలబెట్టడానికి లోపల ఎంత పాటు జరుగుతోందన్నదే నర్సు కనిపెట్టాల్సిన సంగతి.

ఆ పాటుకు ఇంధనం ఏటీపీ. దాన్ని 1929లో జర్మనీలో కార్ల్ లోమన్, అమెరికాలో సైరస్ ఫిస్కే, యల్లాప్రగడ సుబ్బారావు విడివిడిగా కనుగొన్నారు. సుబ్బారావు 1895లో భీమవరంలో పుట్టిన మనవాడు. కణంలోంచి సోడియాన్ని బయటికి తోడే పంపు ఏటీపీతోనే నడుస్తుంది. రక్తం అందక ఆక్సిజన్ కరువైతే పంపు మందగిస్తుంది, సోడియం లోపలే పేరుకుంటుంది, దాని వెంట నీరు చేరి కణం ఉబ్బుతుంది. ఇంతవరకు మళ్ళీ బాగుపడే దశే. రక్తం అందడం ఇంకా ఆలస్యమైతే కణం చచ్చిపోతుంది. కణాలకు చాలినంత రక్తం అందని స్థితే షాక్. అందులో ప్రతి నిమిషానికీ విలువ ఇందుకే.

జబ్బుకు మూలకారణాన్ని ఈటియాలజీ అంటారు. ఆ కారణం ఒంట్లో పడ్డాక ఒకదాని వెంట ఒకటి జరిగేదంతా పాథోజెనెసిస్. డెంగీకి మూలం నాలుగు రకాల వైరస్‌లలో ఏదో ఒకటి, మోసుకొచ్చేది పగటిపూట కుట్టే ఈడిస్ దోమ. కుట్టిన 4 నుంచి 10 రోజుల్లో జ్వరం అందుకుంటుంది. మొదటిసారి ఒక రకం, తర్వాతెప్పుడో మరో రకం సోకితే జబ్బు ముదిరే ప్రమాదం ఎక్కువ. పాత యాంటీబాడీలు కొత్త వైరస్‌ను చంపలేకపోగా, అది కణాల్లోకి దూరడానికి తోడ్పడతాయి. కళ్ళ వెనక నొప్పి, ఒళ్ళంతా విరగ్గొట్టినట్టు ఉండడం రోగి నోట వినాల్సినవి, అంటే సింప్టమ్‌లు. జ్వరం, పల్స్, చర్మం మీది ఎర్రచుక్కలు నర్సు తానే చూసి, కొలిచి రాసేవి, అంటే సైన్‌లు. తెలుగులో రెంటినీ లక్షణాలే అంటాం కాబట్టి కేస్ షీట్ రాసేటప్పుడు ఈ తేడా చెరిగిపోతూ ఉంటుంది. చెరగనివ్వకూడదు.

ఇన్‌ఫ్లమేషన్ అర్థం కావడానికి సెగ్గడ్డ చాలు. ఎరుపు, వాపు, వేడి, నొప్పి అని రోమన్ రచయిత సెల్సస్ క్రీ.శ. మొదటి శతాబ్దంలోనే దాని గుర్తులు రాశాడు. అక్కడి సన్న రక్తనాళాలు విప్పారుతాయి, వాటి గోడలు వదులవుతాయి, ప్లాస్మా బయటికి ఊరుతుంది. తెల్లరక్తకణాలు ఆ చోటికి చేరేదీ అలాగే. గడ్డ దగ్గర జరిగినంతసేపు అది మేలే. డెంగీ ముదిరినప్పుడు ఒంట్లో చాలాచోట్ల కేశనాళికల గోడలు వదులై, ప్లాస్మా ఊపిరితిత్తుల చుట్టూ, పొట్టలో చేరుతుంది. నీరు ఒంట్లోనే ఉంటుంది, రక్తనాళాల్లో మాత్రం ఉండదు.

అసలు చిక్కు ఇది జరిగే వేళ. జబ్బు మొదలైన మూడో రోజుకూ ఏడో రోజుకూ మధ్య, సరిగ్గా జ్వరం దిగేటప్పుడు ప్లాస్మా కారడం మొదలై 24 నుంచి 48 గంటలు సాగుతుంది. జ్వరం జారింది, ఇంటికి పంపించమని ఇంటివాళ్ళు అడిగేదీ అప్పుడే. 50 కిలోల మనిషి ఛార్టు ఇలా ఉందనుకుంటే: ఉదయం 6 గంటలకు జ్వరం 102 ఫారెన్‌హీట్, పల్స్ 104, బీపీ 110/70. పది గంటలకు జ్వరం 99, పల్స్ 110, బీపీ 108/80. మధ్యాహ్నం 2కు జ్వరం 98.4, పల్స్ 122, బీపీ 104/86. పైఅంకె ఒక్కటే చూస్తే కంగారు పడాల్సిందేమీ లేదు. జ్వరం దిగితే పల్స్ కూడా దిగాలి, ఇక్కడ ఎక్కుతోంది. బీపీ రెండంకెల మధ్య తేడా 40 నుంచి 28కి, అక్కడి నుంచి 18కి వచ్చింది. ఈ తేడాయే పల్స్ ప్రెషర్. 20కి గానీ అంతకన్నా కిందికి గానీ వస్తే అది షాకే.

కింది అంకె ఎందుకు పెరిగింది? నాళాల్లో రక్తం తగ్గేసరికి సింపథెటిక్ నరాలు గుండెను వేగంగా కొట్టిస్తాయి, చర్మానికి, పేగులకు వెళ్ళే నాళాలను బిగిస్తాయి. ఉన్న రక్తాన్ని మెదడుకూ గుండెకూ మళ్ళించే ఏర్పాటు ఇది. అందుకే అరికాళ్ళు చల్లబడతాయి, గోరు నొక్కి వదిలితే రంగు తిరిగి రావడానికి 2 సెకన్లు దాటుతుంది. కిడ్నీలు నీటిని పట్టి ఉంచడంతో మూత్రం గంటకు 25 మిల్లీలీటర్లకన్నా తగ్గుతుంది. మెదడుకు రక్తం అందుతున్నంతసేపు రోగి స్పృహలోనే ఉండి మాట్లాడుతూ ఉంటాడు. ఆ మాటలు నమ్మి మోసపోకూడదు. ఈ పాటు చేతకాని దశలో బీపీ ఒక్కసారిగా కూలుతుంది, అప్పటికి చాలా ఆలస్యమైపోతుంది.

రక్తంలో ఎర్రకణాల వాటాను చూపే హెమటోక్రిట్ కూడా ఈ కథే చెబుతుంది. ప్లాస్మా కారినా ఎర్రకణాలు నాళాల్లోనే మిగులుతాయి కాబట్టి రక్తం చిక్కబడుతుంది. 38 ఉన్నది 46 అయితే పెరుగుదల 20 శాతం దాటినట్టు. పల్స్ పెరుగుతూ హెమటోక్రిట్ పడిపోతుంటే లోపలెక్కడో రక్తస్రావం అవుతోందని అనుమానించాలి. ఇంటివాళ్ళ కళ్ళు మాత్రం ప్లేట్‌లెట్ల మీదే ఉంటాయి. వాటి లెక్క చూడాల్సిందే, కానీ రోగిని షాక్‌లోకి తోసేది ప్రధానంగా ఈ ప్లాస్మా కారడమే. వదలని కడుపునొప్పి, ఆగని వాంతులు, చిగుళ్ళ నుంచి రక్తం, మగత, అస్థిమితం ప్రమాద సంకేతాలు. యాస్పిరిన్, ఐబుప్రోఫెన్ రక్తస్రావాన్ని పెంచుతాయి కాబట్టి ఇవ్వరు.

రెండు రోజులు గడిచాక గోడలు మళ్ళీ బిగుస్తాయి, బయటికి పోయిన నీరు నాళాల్లోకి తిరిగొస్తుంది. నిన్న ప్రాణం నిలిపిన సెలైన్‌ను అదే వేగంతో ఎక్కిస్తే ఇప్పుడది ఊపిరితిత్తుల్లో చేరి ఆయాసం తెస్తుంది. ఒకే మందు ఒక రోజు వైద్యం, మర్నాడు ప్రమాదం ఎలా అవుతుందో ఈ జబ్బు చూపినంత స్పష్టంగా మరొకటి చూపదు.

నైట్ డ్యూటీలో జ్వరం దిగి, పాదాలు చల్లగా తగిలిన రోగి దగ్గర బీపీ రెండంకెల తేడా మరోసారి లెక్కవేసి, డ్యూటీ డాక్టరును ఆ నిమిషమే లేపాలి. విసుక్కుంటారేమోనని తెల్లారేదాకా ఆగొద్దు తల్లీ.