మొండికేసిన క్లచ్ క్లిప్పు – ఊడదీసే పద్ధతి



మన బులెటిన్‌లో ఎక్కువగా ఇంజనీరింగు, మెడిసిన్, బ్యాంకు పరీక్షల గురించిన వ్యాసాలు వస్తుంటాయి. ఐ.టి.ఐ. చదివే పిల్లలకు, మరమ్మతు పని నేర్చుకుంటున్నవారికి పనికొచ్చే పాఠం ఒకటి రాయమని ఈసారి ట్రస్టు పెద్దలు నన్ను అడిగారు. నేను కూడా ఒకప్పుడు ఈ ట్రస్టు ఇచ్చిన డబ్బుతోనే పుస్తకాలు, పనిముట్లు కొనుక్కుని ఐ.టి.ఐ. పూర్తి చేసినవాణ్ణి. ఇప్పుడు సామల్పట్టి రైల్వే స్టేషను దగ్గర చిన్న మరమ్మతు షెడ్డు నడుపుతున్నాను. మందు కొట్టే పంపులు, నీళ్ళ ఇంజన్లు, చెట్లు కోసే చెయిన్ రంపాలు నా దగ్గరికి వస్తాయి. అందులో చాలామంది కుర్రవాళ్ళు తడబడే ఒక చిన్న పని గురించి ఇక్కడ చెబుతాను.

ఆ రోజు జరిగింది

ఫెంగల్ తుఫాను 2024 నవంబరు 30న పుదుచ్చేరి దగ్గర తీరం దాటి మన వైపు వచ్చిన సంగతి మీకు గుర్తుండే ఉంటుంది. మన ఊత్తంగరైలో ఒక్క రోజులోనే సుమారు 50 సెంటీమీటర్ల వాన పడింది. నీళ్ళు కాస్త తగ్గగానే షెడ్డు ముందు రంపాలు వరుస కట్టాయి. ఒక పెద్దాయన తన రంపాన్ని గోనె సంచిలో చుట్టి తెచ్చాడు. పశువుల కొట్టం మీద చింతచెట్టు పడింది. పశువులు బతికాయి గానీ వాటిని కట్టెయ్యడానికి చోటు లేదు.

"ఆక్సిలరేటరు వదిలేసినా చెయిన్ తిరుగుతానే ఉంది నాయనా" అన్నాడు.

ఐడిల్ స్క్రూ తగ్గించి చూశాను. గుణం కనబడలేదు. అంటే లోపల క్లచ్ స్ప్రింగు తెగి ఉండాలి, లేదా నీడిల్ బేరింగు ఎండిపోయి డ్రమ్మును పట్టేసి ఉండాలి. విప్పాల్సిందే అన్నాను. "పరవాలేదు, అట్లే ఇచ్చేయి, జాగ్రత్తగా కోసుకుంటా" అన్నాడు ఆయన. నేను ఇవ్వలేదు. చేతిలో మనం ఆపలేని చెయిన్ తిరుగుతుంటే, పడిన చెట్టు మీద కాలు పెట్టి జాగ్రత్తగా కోయడం ఎవరివల్లా కాదు.

నా దగ్గర పని నేర్చుకునే అబ్బాయి కవరు విప్పి, డ్రమ్ముకున్న క్లిప్పు మీద స్క్రూడ్రైవరు పెట్టి బలంగా ఎత్తాడు. క్లిప్పు కదల్లేదు. స్క్రూడ్రైవరు జారి అరచేయి గీసుకుపోయింది. "అన్నా, ఇది మొండిది, సుత్తితో కొడదామా?" అని అడిగాడు. అప్పుడు వాడికి చెప్పిన మాటలే ఈ పాఠం.

క్లిప్పు పని ఏమిటి?

చెయిన్ రంపం క్లచ్ వేగాన్ని బట్టి పట్టుకునే రకం. ఐడిల్‌లో ఇంజను చాలా నమూనాల్లో నిమిషానికి సుమారు 2,800 చుట్లు తిరుగుతుంది. అప్పుడు స్ప్రింగులు క్లచ్ షూలను లోపలికి లాగి ఉంచుతాయి, చెయిన్ కదలదు. వేగం పెరిగితే షూలు బయటికి విచ్చుకుని డ్రమ్మును పట్టుకుంటాయి. డ్రమ్ముతోపాటు స్ప్రాకెట్, దానితోపాటు చెయిన్ తిరుగుతాయి.

స్టిల్ వంటి అనేక రంపాల్లో డ్రమ్ము బయటివైపు ఉంటుంది. అది క్రాంక్ షాఫ్టు మీది నుంచి జారిపోకుండా షాఫ్టు కొసన ఒక సన్నని గాడి, ఆ గాడిలో ఒక క్లిప్పు, దాని వెనుక ఒక వాషరు ఉంటాయి. ఇంగ్లీషు ఈ అక్షరంలా ఉంటుంది కనుక దానిని ఈ-క్లిప్పు అంటారు. మరికొన్ని రంపాల్లో క్లచ్చే బయట ఉంటుంది, వాటికి ఈ క్లిప్పు ఉండదు. కాబట్టి ముందు మీ చేతిలో ఉన్నది ఏ రకమో చూసుకోండి.

ఇక ముఖ్యమైన మాట. ఈ క్లిప్పుకు ఒక నోరు, ఒక వీపు ఉన్నాయి. బిగించేటప్పుడు నోరు ముందుగా, షాఫ్టుకు అడ్డంగా పక్క నుంచి గాడిలోకి వెళుతుంది. తీసేటప్పుడు వీపు ముందుగా, వచ్చిన దారినే పక్కకు బయటికి రావాలి. మా అబ్బాయి చేసినట్టు మన వైపుకు ఎత్తితే ఎంత బలం పెట్టినా రాదు. క్లిప్పు వంగుతుంది, గాడి అంచు చెడుతుంది. మొండితనం క్లిప్పుది కాదు, మనం బలం పెట్టిన దిక్కుది.

విప్పే ముందు

1. ఇంజను ఆపి చల్లారనివ్వండి. ప్లగ్గు వైరు తీసి పక్కకు పెట్టండి.
2. ముందున్న చేతి గార్డును పిడి వైపు లాగి చెయిన్ బ్రేకు వదలండి. బ్రేకు పట్టీ డ్రమ్మును బిగించి ఉంటే క్లిప్పు వచ్చినా డ్రమ్ము రాదు. చాలామంది మరిచిపోయేది ఇదే.
3. నట్లు విప్పి కవరు, చెయిన్, బార్ తీయండి.
4. కళ్ళద్దాలు పెట్టుకోండి. క్లిప్పు స్ప్రింగు ఉక్కుతో చేసినది. ఎగిరితే కంటికి ప్రమాదం.

తీసే పద్ధతి

మొదట శుభ్రం చేయాలి. రంపపు పొట్టు చెయిన్ ఆయిలుతో కలిసి మైనంలా గట్టిపడి, క్లిప్పు లోపలి ఖాళీల్లో కూరుకుపోయి ఉంటుంది. పాత పళ్ళ బ్రష్షుతోను, సన్నని ఆరెతోను దానిని గీకి తీయండి. షాఫ్టుకూ క్లిప్పుకూ మధ్య ఖాళీ కళ్ళకు కనబడేవరకు రెండో మెట్టుకు వెళ్ళకండి.

తరువాత క్లిప్పును గాడిలో తిప్పి చూడండి. కాస్తయినా తిరిగితే సగం పని అయినట్టే. వీపు మీకు అనువైన వైపుకు వచ్చేలా తిప్పుకోండి. ఎడమ చేతి వేళ్ళతో డ్రమ్మును లోపలికి నొక్కి పట్టండి. అప్పుడు వాషరు వెనక్కి జరిగి క్లిప్పు మీద ఒత్తిడి తగ్గుతుంది.

ఇప్పుడు సన్నని చదును స్క్రూడ్రైవరు కొసను షాఫ్టుకూ క్లిప్పు వీపుకూ మధ్య, నడిమి పన్నుకు పక్కనున్న ఖాళీలో పెట్టండి. ఎత్తకండి. తాళం చెవి తిప్పినట్టు మెల్లగా తిప్పండి. వీపు షాఫ్టు నుంచి దూరంగా జరిగి క్లిప్పు ఊడి వస్తుంది. అది వీపు వైపే ఎగురుతుంది కాబట్టి ఆ వైపు ఒక గుడ్డను అడ్డం పెట్టమనండి, మీ ముఖం ఆ వరుసలో ఉంచకండి. కింద ఒక అయస్కాంతం పెట్టుకుంటే వెతుకులాట తప్పుతుంది.

అప్పటికీ రాకపోతే

తుప్పు పట్టి ఉంటుంది. తుప్పు వదిలించే నూనె ఒక్క చుక్కను అగ్గిపుల్ల కొసతో గాడిలో పెట్టి పావుగంట ఆగండి. ఎక్కువ పోయవద్దు. నూనె లోపలికి దిగి క్లచ్ షూలకు, బ్రేకు పట్టీకి అంటితే అవి జారతాయి. ఆ తరువాత నోటి దగ్గరున్న రెండు కొసలను ఒకదాని తరువాత ఒకటి, వెంట్రుకవాసి చొప్పున వీపు వైపుకు నెట్టండి. ఒకే కొసను నెడితే క్లిప్పు వంకరపోయి ఇంకా బిగుస్తుంది.

మంట చూపించవద్దు. పక్కనే పెట్రోలు ఉంది, షాఫ్టు వెనుక రబ్బరు ఆయిల్ సీలు ఉంది. షాఫ్టు కొస మీద సుత్తితో కొట్టవద్దు. ఆ దెబ్బ క్రాంక్ బేరింగులకు తగులుతుంది.

క్లిప్పు వచ్చాక వాషరు, డ్రమ్ము, నీడిల్ బేరింగు వరుసగా వస్తాయి. వచ్చిన వరుసలోనే ఒక గుడ్డ మీద పేర్చుకోండి. లోపలి క్లచ్‌ను కూడా తీయాల్సి వస్తే గుర్తుంచుకోండి, చాలా రంపాల్లో దాని మరలు ఎడమవాటం. గడియారం ముల్లు తిరిగే దిక్కుకు తిప్పితేనే వదులవుతుంది.

తిరిగి బిగించేటప్పుడు

స్ప్రాకెట్ పళ్ళ మీద చెయిన్ చేసిన అరుగుదల సుమారు అర మిల్లీమీటరు దాటితే కొత్తది వేయండి. నీడిల్ బేరింగుకు గ్రీజు పట్టించండి. చాలా నమూనాల్లో డ్రమ్ము వెనుక ఒక గంటు ఉంటుంది, ఆయిలు పంపు తీగ దానిలో కూర్చోవాలి. లేకపోతే చెయిన్‌కు నూనె అందదు.

మా అబ్బాయి పాత క్లిప్పునే చేతిలోకి తీసుకుని, "బాగానే ఉంది కదన్నా" అన్నాడు. అప్పుడు వాడికి నా తప్పు చెప్పాను. పని నేర్చుకునే రోజుల్లో నేనూ అలాగే, సాగిపోయిన క్లిప్పును ప్లేయరుతో నొక్కి మళ్ళీ వేశాను. మూడో రోజు కోత మధ్యలో క్లిప్పు ఊడి, డ్రమ్ము బయటికి జరిగి కవరును చీల్చింది. కోస్తున్న మనిషికి దెబ్బ తగలలేదు, అది అతని అదృష్టం. మా మేస్త్రి నన్ను తిట్టలేదు. కొత్త కవరు తన డబ్బుతో వేసి ఇచ్చాడు. "నాలుగు రూపాయలు మిగిల్చావు, ఒక మనిషి మూడు రోజుల కూలి పోగొట్టావు" అన్నాడు. ఆ మాట ఇప్పటికీ నాకు వినబడుతుంది.

అందుకే క్లిప్పు ఒకసారి సాగితే కొత్తదే వేయాలి. వేశాక గాడిలో పూర్తిగా కూర్చుందా, వేలితో తిప్పితే తిరుగుతోందా, ఎత్తితే లేస్తోందా అని చూడాలి. కవరు వేశాక ఇంజను ఐడిల్‌లో పెట్టి, చెయిన్ నిలిచి ఉందని కళ్ళారా చూసిన తరువాతే రంపాన్ని చేతికివ్వాలి.

ఆ రోజు పెద్దాయన రంపంలో నీడిల్ బేరింగు ఎండి నల్లబడి ఉంది. కొత్త బేరింగు, కొత్త క్లిప్పు వేశాం. క్లిప్పు తీయడానికి శుభ్రం చేసిన సేపే పట్టింది, తీసింది ఒక్క క్షణంలో. మధ్యాహ్నానికి ఆయన రంపం తీసుకుని వెళ్ళాడు. సాయంత్రం చింతకొమ్మలు కోసి, మిగిలిన సగం కొట్టంలో పశువులను కట్టేశానని ఫోను చేశాడు.

మీరే జవాబు చెప్పుకోండి

1. కవరు తీసే ముందే చెయిన్ బ్రేకు ఎందుకు వదలాలి?
2. క్లిప్పు ఏ వైపుకు ఊడుతుంది? మీ ముఖం ఎక్కడ ఉండకూడదు?
3. నూనె ఒక్క చుక్క చాలు అనడానికి కారణం ఏమిటి?

ఈ మూడింటికీ పుస్తకం చూడకుండా జవాబు చెప్పగలిగితే పాఠం వచ్చినట్టే. వచ్చినదాన్ని పక్కవాడికి కూడా చూపించండి. మీ అందరికీ చదువులోను, పనిలోను మేలు కలగాలని కోరుకుంటున్నాను.