గొంగడి: బిరుసు ఉన్ని చెప్పే పాఠం

బిరుసు వెంట్రుకతో మన్నికైన వస్త్రమెట్లు తయారగునో తెలుపు చక్కని ఉదాహరణ గొంగడి. తెలంగాణలో కురుమలు దక్కనీ గొర్రెల నల్లని ఉన్నిని కత్తిరించి, ఏకి, నూలుగా వడికి, గుంటమగ్గంపై నేస్తారు. పడుగుకు పట్టించిన చింతగింజల గంజి పోగులకు బిగువునిస్తుంది. దట్టమైన ఆ నేతలోనికి వాననీరు త్వరగా దిగదు. కాపరికి గొడుగు, పరుపు, దుప్పటి అన్నీ అదే.

మన కోస్తాలో పేరొందిన నెల్లూరు గొర్రెకు ఉన్ని కాక పొట్టి వెంట్రుకలే ఉంటాయి. వాటితో గొంగడి కుదరదు. మాంసం కొరకు ఇటువంటి జాతులతో సంకరపరచుటచే అచ్చమైన దక్కనీ మందలు తగ్గిపోయినవి. ఉన్ని లేనిదే మగ్గమాడదు.

విద్యార్థులారా! మెత్తదనమొక్కటే వస్త్రగుణం కాదు. ఈ నేతను నిలుపదలచినవారు ముందుగా ఆ గొర్రెను నిలుపవలె.