ఆయకట్టు పోయిన చెరువు

ఎన్విరాన్‌మెంటల్ ఇంజనీరింగ్ ల్యాబ్‌లో మనం నీటి శాంపిల్‌కి పీహెచ్ చూస్తాం, టర్బిడిటీ చూస్తాం, డీఓ, బీఓడీ లెక్కగడతాం. రికార్డు మీద సంతకం పడితే పని అయిపోయినట్టే. ఆ సీసాలో నీళ్లు ఏ చెరువువి, ఆ చెరువుకు దిక్కెవరు అన్న సంగతి మాత్రం ఏ ప్రయోగంలోనూ రాదు. చెరువు చుట్టూ ఉండేవాళ్లు సంఘంగా ఏర్పడి దాని నీటినీ, ఒడ్డునూ కాపాడుకోవడం గురించి కొన్ని నెలలుగా చదువుతున్నాను. అందులో మనకు పనికొచ్చేవి ఇక్కడ రాస్తున్నాను.

మన పాత చెరువుకు దిక్కు ఆయకట్టు. తూము కింద ఎవరి మడి పారుతుందో వాళ్లే కట్ట మీద ఎలుక బొరియ కనబడినా ఊరుకునేవాళ్లు కాదు. వంతుల ప్రకారం నీళ్లు వదలడానికి నీరటి ఉండేవాడు. ఎండాకాలంలో పూడికమట్టి బండ్లకెత్తి పొలాలకు తోలుకునేవాళ్లు. చెరువుకు లోతూ దక్కేది, పొలానికి ఎరువూ దక్కేది. వాళ్లేమీ పర్యావరణ ప్రేమికులు కారు. చెరువు బాగుంటేనే ఇంట్లో గింజలుండేవి, అంతే.

కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి చెరువు శాసనం ఒకటుంది. మంచి చెరువుకు ఉండాల్సిన 12 అంగాలు, ఉండకూడని 6 దోషాలు అందులో చెక్కించారు. ఆ దోషాల్లో ఒకటి, చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండటం. ఇది చదివి నేను నవ్వాపుకోలేకపోయాను. ఇవాళ హైదరాబాద్‌లో ఒక్క చెరువు మీద రెవెన్యూ, ఇరిగేషన్, జీహెచ్ఎంసీ, హెచ్ఎండీఏ, వాటర్ బోర్డు అన్నిటికీ తలో చెయ్యి ఉంటుంది. 2024లో హైడ్రా కూడా వచ్చింది. శాసనం రాయించినవాళ్లు రెండు రాజ్యాలకే భయపడ్డారు పాపం.

నగరం పెరిగినప్పుడు మొదట పోయింది చెరువు కాదు, ఆయకట్టు. తూము కింద పొలాలు ప్లాట్లయ్యాయి. దాంతో చెరువు నిండితే సంతోషించేవాళ్లు లేకుండా పోయారు, నిండితే బెదిరేవాళ్లు మిగిలారు. 2020 అక్టోబరు వానలప్పుడు నగరం దక్షిణాన చెరువుల నీళ్లు కాలనీల మీద పడ్డ సంగతి మనలో చాలామందికి గుర్తే.

ఇక్కడ ఎఫ్‌టీఎల్ అనే మాట సరిగ్గా తెలియాలి. ఫుల్ ట్యాంక్ లెవెల్ అంటే వేసవిలో మనకు కనిపించే నీటి అంచు కాదు. నీళ్లు మత్తడి అంచుదాకా (కోస్తాలో అలుగు అంటారు) వచ్చి, ఇక పొర్లబోతాయి అన్నప్పుడు చెరువు ఎంత మేర పరుచుకుంటుందో ఆ గీత. 2012 నాటి జీవో 168 ప్రకారం 10 హెక్టార్లు, అంతకు మించిన చెరువైతే ఆ గీత నుంచి 30 మీటర్లు, చిన్నదైతే 9 మీటర్లు బఫర్‌గా వదలాలి. మా వైపు ఒక చెరువు దగ్గర కట్ట మీద కూర్చున్న ముసలాయనను అడిగితే ఆయన బోర్డు వైపు కూడా చూడలేదు. "మత్తడి దుంకితే నీళ్లు ఆ వేపచెట్టు దాంక వస్తుండె బిడ్డా," అన్నాడు. వేపచెట్టు ఇప్పుడు ఒక అపార్ట్‌మెంట్ పార్కింగ్ పక్కన ఉంది.

ఈ గీతతో ఒక చిక్కుంది. అది మత్తడి ఎత్తును బట్టి ఉంటుంది. ఒడ్డు వాలు 100కి 1 ఉందనుకోండి. మత్తడిని 30 సెంటీమీటర్లు కొట్టేస్తే నీటి అంచు 30 మీటర్లు వెనక్కి జరుగుతుంది. ఒక్క లారీ మట్టి పోయకుండానే చెరువు చిన్నదైపోతుంది! అందుకే ఒడ్డును కాపాడాలనుకునే సంఘం ముందు కాపలా కాయాల్సింది మత్తడిని. ఫెన్సింగ్, వాకింగ్ ట్రాక్ తర్వాతి సంగతి.

ఇలాంటి సంఘాలకు పేరున్న చోటు అమెరికాలోని మిన్నెసోటా. 10 ఎకరాలకు మించిన సరస్సులే అక్కడ 11,842 ఉన్నాయి. ఒడ్డున ఇళ్లున్నవాళ్లు చందాలు వేసుకొని సంఘాలు నడుపుతారు. నీటిదాకా పెంచిన లాన్ తీసేసి, మట్టిని పట్టి ఉంచే స్థానిక గడ్డీ పొదలూ నాటిస్తారు. లాన్లకు భాస్వరం ఎరువు వేయడాన్ని ఆ రాష్ట్రం చట్టంతో కట్టడి చేసింది. 2005 నుంచి అది రాష్ట్రమంతటా అమల్లో ఉంది. అయితే వాళ్లను చూసి మనవాళ్లను తిట్టుకోవడం నాకు సరికాదనిపిస్తుంది. నీరు తేటగా ఉంటే ఒడ్డునున్న ఇంటి ధర పెరుగుతుంది, కాబట్టి అక్కడ లాభమూ కాపలా ఒకే వైపున్నాయి. మన దగ్గర శిఖం భూమిలో తెలియక ప్లాటు కొన్న చిన్న ఉద్యోగికి చెరువు తగ్గితేనే ఇల్లు నిలుస్తుంది. జీవితకాలపు పొదుపు అందులో పెట్టిన మనిషిని చెరువు సంఘానికి కార్యదర్శిని చేసి, గీత నిజాయితీగా గీయమంటే ఎలా గీస్తాడు? కాలనీ సంఘమే చెరువు సంఘం కావడంలో ఉన్న ఇబ్బంది ఇదే.

మిన్నెసోటా వాళ్ల దగ్గర మనం నేర్చుకోదగ్గది లెక్క రాసే అలవాటు. 1973 నుంచి అక్కడ మామూలు జనమే సరస్సుల తేటదనం కొలిచి పంపే కార్యక్రమం ఉంది. వాళ్ల పరికరం సెక్కి పలక. 1865లో ఆంజెలో సెక్కి అనే ఇటలీ ఖగోళ శాస్త్రవేత్త మధ్యధరా సముద్రంలో దీన్ని పరీక్షించాడు. 20 సెంటీమీటర్ల గుండ్రటి పలక, దాని మీద నాలుగు భాగాలుగా నలుపు తెలుపు రంగు, కింద బరువు, 10 సెంటీమీటర్లకో ముడి ఉన్న తాడు. మన వర్క్‌షాప్‌లో ఒక మధ్యాహ్నం పని. నీళ్లలోకి దించితే ఎక్కడ మాయమైంది, పైకి లాగితే ఎక్కడ కనబడింది, రెండింటి సగటు తీసుకోవాలి. 1977లో కార్ల్‌సన్ ఇచ్చిన సూత్రం ప్రకారం ఆ లోతు (మీటర్లలో) సహజ లాగరిథమ్‌ను 14.41తో గుణించి 60లోంచి తీసేస్తే సరస్సు ఎంత నాచు పట్టే స్థితిలో ఉందో తెలుస్తుంది. 2 మీటర్లకు 50, 1 మీటరుకు 60, అర మీటరుకు 70. అంకె పెరిగేకొద్దీ నాచు ఎక్కువ. కానీ మన చెరువుల్లో వానాకాలం ఒండ్రునీళ్లు వస్తాయి. అప్పుడు పలక కొలిచేది నాచును కాదు, మట్టిని. అందుకని నవంబరు నుంచి మే దాకా తీసిన అంకెలనే నాచు లెక్కకు వాడుకోవాలి.

నాచుకు మూలం ఎక్కువగా భాస్వరమే. 1973లో కెనడాలోని ఒంటారియోలో 226 నంబరు సరస్సును మధ్యలో తెర కట్టి రెండు చేశారు. ఒక సగంలో కార్బన్, నైట్రోజన్ వేశారు. రెండో సగంలో వాటితోపాటు భాస్వరం వేశారు. రెండోది మాత్రమే పచ్చగా మారింది. మనకు భాస్వరం వచ్చే దారి మురుగునీరు. నాలా అలాగే వదిలేసి ఆదివారం ఆదివారం గుర్రపుడెక్క పీకితే అది మళ్లీ వస్తుంది. పీకినదాన్ని ఒడ్డునే కుప్పేస్తే కుళ్లి, తిన్నదంతా తిరిగి నీళ్లకే ఇస్తుంది. ప్లాస్టిక్ ఏరేవాళ్లంటే నాకు గౌరవమే. ఫొటోలో అది బాగా కనబడుతుంది కూడా. నీటి నాణ్యతకు మాత్రం నాలా ముఖ్యం.

బెంగళూరు పుట్టేనహళ్లి చెరువు కథ ఇందుకే నాకు నచ్చింది. చుట్టుపక్కల నివాసులు ట్రస్టుగా ఏర్పడి, 2011లో అక్కడి నగరపాలక సంస్థతో ఒప్పందం చేసుకొని నిర్వహణ చూశారు. వాన నీళ్లు చాలకపోతే పక్క అపార్ట్‌మెంట్ల మురుగును శుద్ధి చేసి చెరువులోకి తెచ్చారు. మురుగు వచ్చే దారినే నీరు వచ్చే దారిగా మార్చారన్నమాట.

మరి మన దగ్గర సంఘంలో ఎవరుండాలి? ఎవరికి చెరువు నిండితే లాభమో వాళ్లు. చేపలు పట్టే సహకార సంఘం వాళ్లు మొదటివారు. తర్వాత, చెరువు దిగువన బోరు మీద బతికే ప్రతి అపార్ట్‌మెంటు. చెరువు నిండిన ఏడాది బోరు ఎన్ని గంటలు పోస్తుంది, ఎండిన ఏడాది ఎన్ని ట్యాంకర్లు కొన్నారు అన్నది మెయింటెనెన్స్ పుస్తకంలోనే ఉంటుంది. మడి పోయింది, బోరు వచ్చింది. ఆయకట్టు రూపం మారింది కానీ జాబితా ఎవరూ రాయలేదు.

మన కాలేజీకి దగ్గర్లో చెరువున్నవాళ్లు ఈ పని చెయ్యొచ్చు. తూము దగ్గర ఒకే మెట్టు మీద నిలబడి, పదిహేను రోజులకోసారి, మధ్యాహ్నం వేళ, నీడపడే వైపు పలక దించండి. తేదీ, లోతు, నాలాలో నీటి రంగు రాయండి. మత్తడి ఎత్తును దగ్గర్లోని చెక్కుచెదరని బెంచ్‌మార్కు నుంచి సర్వేయింగ్ ల్యాబ్ లెవెల్‌తో ఒకసారి తీసి పెట్టుకోండి. మత్తడి దుంకిన రోజు క్లాసుకు ఎగనామం పెట్టినా సరే (ఇది ఎడిటర్ తీసేయకపోతే), లొకేషన్ ఆన్ చేసి నీటి అంచు వెంట నడిచి ఫొటోలు తీయండి. ఆ అంచు కొన్నాళ్లే నిలుస్తుంది, వానల్లేని ఏడాది అసలు రాదు.