పండుగ పనులతో అలసిపోయే సోదరీమణులకు

రమజాన్ చివరి పది రోజుల్లో మన ఇళ్లలో స్త్రీలకు పని రెట్టింపవుతుంది. సహరీకి అందరికంటే ముందు లేవాలి, ఇఫ్తార్ సిద్ధం చేయాలి, పిల్లల బట్టలు, షీర్ ఖుర్మా సామాను చూసుకోవాలి. అలసటతో కోపం వస్తుంది, ఆరాధనకు ఓపిక మిగలదు. ‘నా ఈమాన్ బలహీనపడిందా?’ అని మనసు కుంగిపోతుంది.

సోదరీ! తిరగలి విసిరి చేతులు నొప్పి పుట్టినప్పుడు హజ్రత్ ఫాతిమా (రజి) ఇంటిపనికి సేవకులు కావాలని తండ్రిగారైన దైవప్రవక్త (సఅసం) ఇంటికి వెళ్లారు. ఆయన ఆమెను మందలించలేదు. ఆ రాత్రి స్వయంగా వారింటికి వచ్చి, పడుకునే ముందు సుబ్‌హానల్లాహ్ 33, అల్‌హమ్దులిల్లాహ్ 33, అల్లాహు అక్బర్ 34 సార్లు పఠించమని, సేవకులకంటే అదే మేలని బోధించారు (బుఖారీ). అలసటను చెప్పుకోవడం ఈమాన్ లోపం కాదన్నమాట.

ఇంటి మగవారు కూడా ఆలోచించాలి. దైవప్రవక్త (సఅసం) ఇంటిపనుల్లో తోడ్పడేవారని హజ్రత్ ఆయిషా (రజి) తెలిపారు. చివరి పది రాత్రుల్లో ఆయన ఇంటివారిని మేల్కొలిపేవారు; వంటకోసం కాదు, ఆరాధనకోసం!

కనుక ఇఫ్తార్‌లో రెండు వంటకాలు తగ్గించండి. కొనుగోళ్లు 20వ ఉపవాసంలోపే ముగించండి. జుహర్ తర్వాత కాసేపు నడుం వాల్చండి. నమాజ్ మినహాయింపు ఉన్న రోజుల్లోనూ జిక్ర్, దుఆ విడువకండి.

అల్లాహ్ మన శ్రమను స్వీకరించి, మనశ్శాంతిని ప్రసాదించుగాక! ఆమీన్.