నగర ప్రణాళిక – తాత్కాలికోపసంఘము

“ఇల్లు కట్టి చూడు, పెండ్లి చేసి చూడు” అని మన పెద్దలు చెప్పుదురు. నాలుగు గదుల యింటికే ఇంత యోచన, ఇంత వ్యయము, ఇంత శ్రమ కావలసియుండగా, లక్షలకొలది జనులు తరతరములు నివసింపవలసిన నగరమును తీర్చిదిద్దుట ఎంతటి పనియో ఊహింపుడు. ఇల్లు కట్టుకొనువాడు తన కుటుంబమును మాత్రము తలచును. నగరమును తీర్చువారు ఇంకను పుట్టని బిడ్డలను సైతము తలపవలయును. కొత్త బడి యెచ్చట నుండవలెను? వాననీరు ఏ దారిని పోవలెను? కూలివాడు తన పనిచోటునకు దగ్గరగా ఇల్లు సంపాదింపగలడా? ఏ చెరువును పూడ్చరాదు? ఇట్టి ప్రశ్నలకు ముందుగనే సమాధానములు వ్రాసి, పటములు గీసి యుంచుకొనుటయే నగర ప్రణాళిక. దీనినే మన పట్టణములలో మాస్టరుప్లాను అందురు. సామాన్యముగా ఇది ఇరువది యేండ్ల భావికాలమును దృష్టియందుంచుకొని సిద్ధము చేయబడును.

అయితే గత సంవత్సరపు పంచాంగముతో ఈ యేటి పండుగలు చేసికొనలేము గదా! నగర ప్రణాళిక యును అట్టిదే. జనసంఖ్య ఊహించినదానికంటె హెచ్చవచ్చును. కొత్త పరిశ్రమలు రావచ్చును, పాతవి మూతపడవచ్చును. రెండెడ్ల బండ్లకు చాలిన వీధి నేటి బస్సులకు చాలదు. కావున ప్రణాళికను కొన్ని యేండ్లకొకమారు తిరిగి పరిశీలించి సవరించుట ఆవశ్యకము.

ఈ సవరణ ఎవరు చేయవలెను? కొలతలు తీయుటకు, పటములు గీయుటకు ఇంజనీరులును పట్టణ ప్రణాళికాధికారులును కలరు. కాని ఒక వీధిని వెడల్పు చేసినచో కొందరి యిండ్లు పోవును. ఒక మైదానమును కాపాడినచో కొందరి లాభము తగ్గును. ఎవరికి ఎంత నష్టము, ఎవరికి ఎంత మేలు అను విషయమును కొలబద్దతో నిర్ణయింపజాలము. అది ప్రజలచే ఎన్నుకొనబడినవారు బాధ్యత వహించి నిర్ణయింపవలసిన విషయము. కాని నగర కౌన్సిలునకు నిత్యకృత్యములు లెక్కలేనన్ని గలవు. త్రాగునీరు, మురుగుకాలువలు, వీధిదీపములు, పన్నులు మొదలగు వానితోనే సమావేశకాలము గడచిపోవును. నేటి కుళాయి నీటిని గూర్చిన ఫిర్యాదు ముందు, ఇరువది యేండ్ల తరువాతి నీటి సమస్య ఎవరి చెవికి ఎక్కును?

అందులకే కొన్ని నగరములలో కౌన్సిలు ఈ యొక్క కార్యమునకై ఒక తాత్కాలికోపసంఘమును నియమించును. దానికి నాలుగు లక్షణములు కలవు. మొదటిది, దానికి ఒకే పని. రెండవది, ఆ పనికి ఒక గడువు. మూడవది, అది విచారించి, చర్చించి, సిఫారసు చేయును గాని శాసనము చేయదు. తుది నిర్ణయము కౌన్సిలుదే. నాలుగవది, పని ముగియగనే అది రద్దగును. ఇది పెండ్లిపందిరి వంటిది. ముహూర్తమునకు ముందు పందిరి వేయుదురు. బంధువులందరు దాని క్రింద కూర్చుందురు. పెండ్లి కాగానే రాటలు ఊడదీయుదురు. పందిరి నాలుగు దినములదే యైనను, దాని క్రింద కుదిరిన సంబంధము నూరేండ్లది.

ఈ పద్ధతిలోని మేలును కీడును తెలిసికొనుటకు ఒక నగర చరిత్రను పరిశీలింతము. అమెరికా సంయుక్త రాష్ట్రములలో వాయవ్యమూలనున్న వాషింగ్టన్ రాష్ట్రమున సియాటిల్ అను రేవు నగరము కలదు. 1889లో జరిగిన గొప్ప అగ్నిప్రమాదమున దాని వ్యాపారకేంద్రము దగ్ధమయ్యెను. అయినను నగరము తిరిగి లేచి శీఘ్రముగా పెరిగెను. 1900లో దాని జనసంఖ్య 80,671. పదియేండ్లకు, అనగా 1910లో, 2,37,194. ఇట్లు పెరుగుచున్న నగరమునకు ఒక ప్రణాళిక కావలెనని ఓటరులు 1910లో తీర్మానించిరి. 21 మంది సభ్యులతో ఒక సంఘమేర్పడెను. ఆ సంఘము వర్జిల్ బోగ్ అను ఇంజనీరును నియమించెను. ఆయన 1911లో ఒక మహాప్రణాళికను సమర్పించెను. అందు విశాలమైన రాజమార్గములు, ఉన్నతమైన ప్రభుత్వ భవనముల సముదాయము, ఒక ద్వీపమంతయు ఉద్యానవనముగా నుండుట మొదలగు మనోహరమైన ఊహలు పెక్కు గలవు. కాని 1912లో దానిని ఓటునకు పెట్టగా ప్రజలు తిరస్కరించిరి. వ్యయము మోయలేమని కొందరు భయపడిరి. వ్యాపారకేంద్రము తమ వీధులను విడిచి దూరముగా పోవునని కొందరు వర్తకులు ఎదిరించిరి. ప్రణాళిక గొప్పదే, కాని దానిని భరింపవలసిన ప్రజల మనస్సులకు అది చేరలేదు.

సరిగా ఆ కాలముననే అదే దేశమున షికాగో నగరమునందు వేరొక రీతిగా జరిగెను. డేనియల్ బర్న్‌హామ్, ఎడ్వర్డ్ బెన్నెట్ అను వాస్తుశిల్పులు రచించిన షికాగో ప్రణాళిక 1909లో వెలువడెను. ఆ సంవత్సరముననే 328 మంది సభ్యులతో ఒక ప్రణాళికా సంఘము ఏర్పడెను. దాని అధ్యక్షుడు చార్లెస్ వాకర్. ప్రణాళికను ప్రజలకు బోధింపనిదే పని సాగదని ఆ సంఘము గ్రహించెను. వాల్టర్ మూడీ అను కార్యనిర్వాహకుడు ఆ ప్రణాళికను సులభశైలిలో వివరించుచు ఒక పాఠ్యపుస్తకము రచించెను. ఆ పుస్తకమును నగర పాఠశాలలలో ఏ తరగతివారికి బోధించిరో తెలియునా? ఎనిమిదవ తరగతి వారికి! నేటి పిల్లలే రేపటి ఓటరులనియు, బడిలో విన్న మాట సాయంకాలము ఇంట తల్లిదండ్రుల చెవిని పడుననియు వారి తలంపు. తరువాతి రెండు దశాబ్దములలో ఆ ప్రణాళికకు సంబంధించిన పెక్కు నిర్మాణములకు వలయు ఋణములను షికాగో ఓటరులు ఆమోదించిరి. 1920లో మిచిగన్ వీధి వంతెన తెరువబడెను. అయినను ఆ ప్రణాళికలో ఒక లోపము కలదు. అందు రాజమార్గములకును ఉద్యానములకును గల ప్రాముఖ్యము, బీదలు ఇరుకున నివసించు ఇండ్లకు లేకపోయెను. సంఘములో ప్రముఖ వర్తకులకు గల పలుకుబడి శ్రామికులకు లేదు. బోధించుట ఎంత ముఖ్యమో, వినుట అంత ముఖ్యమని దీనివలన తేలుచున్నది.

మరల సియాటిల్ నగరమునకు పోదము. 1990లో వాషింగ్టన్ రాష్ట్రము పట్టణాభివృద్ధిని గూర్చి ఒక చట్టము చేసెను. పెరుగుచున్న నగరములు ఇరువది యేండ్లకు ప్రణాళిక రచించుకొనవలెననియు, దానిని నియమిత కాలమునకొకమారు సవరింపవలెననియు ఆ చట్టము నిర్దేశించుచున్నది. ఆ ప్రకారము 1994లో ఆ నగరము ప్రణాళికను స్వీకరించెను; తరువాత సవరించుకొనుచు వచ్చెను. ఈలోగా విమానములు, సాఫ్టువేరు మున్నగు పరిశ్రమలవలన జనులు వచ్చి చేరిరి. వారిలో మన తెలుగువారును పెక్కురు గలరు. ఆ నగర పరిసరములలో నేడు తెలుగు మాట వినబడుట వింత కాదు. 1990లో 5,16,259గా నున్న నగర జనసంఖ్య 2020 నాటికి 7,37,015 అయ్యెను. ఇండ్లు ఆ మేరకు పెరుగలేదు. అద్దెలు హెచ్చెను. నగరమున బోధించు ఉపాధ్యాయుడు, రోగులకు పరిచర్య చేయు నర్సు, బస్సు నడుపు డ్రైవరు ఆ నగరములోనే నివసింపలేని స్థితి యేర్పడెను.

ఇట్టి స్థితిలో తరువాతి ఇరువది యేండ్ల ప్రణాళిక ముసాయిదాను మేయరు కౌన్సిలునకు పంపెను. కౌన్సిలు దానికై ప్రత్యేకముగా నేర్పరచిన ఒక ఉపసంఘము 2025లో పని చేసెను. కౌన్సిలులోని తొమ్మండుగురు సభ్యులును అందు సభ్యులే. జాయ్ హాలింగ్స్‌వర్త్ అను సభ్యురాలు అధ్యక్షత వహించెను. అందరును సభ్యులే యైనచో వేరుగా ఉపసంఘ మేల యని మీరు ప్రశ్నింపవచ్చును. కౌన్సిలుగా కూర్చున్నపుడు వారి యెదుట నూరు విషయములుండును. ఈ ఉపసంఘముగా కూర్చున్నపుడు ఒక్క ప్రణాళిక తప్ప మరియొకటి రాదు. మనుష్యులు వారే, ఏకాగ్రత వేరు.

ఆ ఉపసంఘము బహిరంగ విచారణలు జరిపెను. పౌరులు బారులు తీరి వచ్చి తమ మాట చెప్పుకొనిరి. “అద్దె కట్టలేక ఊరు విడిచిపోవుచున్నాము, మా వీధులలోను చిన్న చిన్న ఇండ్లు ఎక్కువగా కట్టనిండు” అని కొందరు, “ఇండ్లు క్రిక్కిరిసినచో ఏపుగా పెరిగిన మహావృక్షములు నేలకూలును, నీడ పోవును” అని కొందరు వాదించిరి. ఇరువురి మాటలోను న్యాయము లేకపోలేదు. చెట్టునీడయు కావలెను, తలదాచుకొను ఇల్లును కావలెను. ఏది ఎచ్చట ఎంత అనునదే చిక్కు. సభ్యులు నూటికి మించిన సవరణలు ప్రతిపాదించిరి. సెప్టెంబరు మాసమున వానిపై ఓటింగు జరిగెను. ఎవరు దేనికి అనుకూలముగా ఓటు చేసిరో ప్రజలు చూచిరి. సంవత్సరాంతమున కౌన్సిలు ప్రణాళికను ఆమోదించెను. అందరికిని అది నచ్చెనని చెప్పజాలము. కాని 1912లో వలె, మా యెదుట ఒక్కమారుగా తెచ్చి పెట్టిరని పలుకుటకు ఎవ్వరికిని తావు లేకపోయెను.

తాత్కాలికోపసంఘములన్నియు ఇట్లు ఫలించునని తలపరాదు. పని చేయుటకే కాక, పని జరుగకుండుటకును ఉపసంఘమును నియమించు వారు కలరు. గడువు లేని ఉపసంఘము తాత్సారమునకు మారుపేరు. ఒకే పేటవారితో, ఒకే వృత్తివారితో నిండిన ఉపసంఘము తనవారి మాటనే వినును. కావున నియమించునపుడే దాని పని యేదో, గడువు ఎంతో, నివేదిక ఎవరికి ఇయ్యవలెనో తీర్మానమున స్పష్టముగా వ్రాయవలెను. దాని సమావేశములు తలుపులు తెరచి జరుపవలెను. ఒక సూచనను త్రోసిపుచ్చినచో అందులకు కారణము చెప్పవలెను.

ఇక మన సంగతి. 1992లో పార్లమెంటు ఆమోదించిన 74వ రాజ్యాంగ సవరణ 1993 జూన్ 1వ తేదీనుండి అమలులోనికి వచ్చినది. దానిచే రాజ్యాంగమునకు చేరిన పండ్రెండవ షెడ్యూలులో పురపాలక సంఘములకు అప్పగింపదగిన 18 విషయములు కలవు. అందు మొట్టమొదటిది పట్టణ ప్రణాళికయే. మన పట్టణములలో మాస్టరుప్లాను ముసాయిదాను ప్రకటించి, ప్రజల అభ్యంతరములను సూచనలను కోరు పద్ధతి కలదు. అపుడు ఎంతమంది ఆ పటమును చూచుచున్నారు? తమ వీధి అందు ఏ రంగున నున్నదో, తమ ఊరి చెరువు ఆ పటమున మిగిలినదో లేదో ఎంతమంది విచారించుచున్నారు? పటములో మరచిన వాగును వర్షము మరువదు. 1908 సెప్టెంబరులో మూసీ వరద హైదరాబాదును ముంచిన పిమ్మటనే, మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై నగరమునకు ఎగువన జలాశయముల యోచన సాగెను. 2020 అక్టోబరులో హైదరాబాదున చెరువుల ప్రక్కనున్న కాలనీలు మునిగెను. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగి విజయవాడలోని పేటలను ముంచెను. కీడు వచ్చిన పిదప చేయు ఆలోచన, కీడు రాకముందే పదిమంది కూర్చుండి చేసినచో ఎన్ని ప్రాణములు నిలుచునో గదా!

విద్యార్థులారా! నేడు మీ పట్టణమునకు ఇరువది యేండ్ల ప్రణాళిక రచింపబడుచున్నదనుకొనుడు. దానిని వ్రాయుచున్న పెద్దలలో పలువురు అప్పటికి వృద్ధులగుదురు. మీకు మాత్రము ముప్పదిమూడు, ముప్పదినాలుగేండ్లుండును. ఆ వీధులలో నడచువారు, ఆ నీరు త్రాగువారు, ఆ బడులకు తమ బిడ్డలను పంపువారు మీరే. ఐదేండ్లలో మీకు ఓటు వచ్చును. అంతవరకును చూచుటకు, అడుగుటకు, నేర్చుకొనుటకు ఎవరి అనుమతియు అక్కరలేదు.

ప్రశ్నలు

1. తాత్కాలికోపసంఘమునకు గల నాలుగు లక్షణములు ఏవి? దానిని పెండ్లిపందిరితో పోల్చుట యేల?
2. 1912లో సియాటిల్ ప్రజలు ప్రణాళికను ఎందుకు తిరస్కరించిరి?
3. షికాగో ప్రణాళికా సంఘము చేసిన మంచి పని యేది? అందలి లోపమేది?
4. మీ ఊరి చెరువు, కాలువ, ఆటస్థలము వీనిలో ఒకదానిని గూర్చి పెద్దలనడిగి తెలిసికొని, రాబోవు ఇరువది యేండ్లలో అది ఎట్లుండవలెనో పది వాక్యములలో వ్రాయుము.