ఊడిన పన్ను – కట్టవలసిన కట్టు

చిన్నతనంలో పాలపన్ను ఊడితే పేడలో చుట్టి ఇంటికప్పు మీదికి విసిరేవాళ్లం. దాని వెనకాల కొత్త పన్ను వస్తుందన్న ధీమా మనది. శాశ్వత దంతం విషయంలో ఆ ధీమా చెల్లదు. అది పోతే వెనక మరొకటి లేదు.

నేను ఈ కళాశాలలో చదువుకునే రోజుల్లో హాకీ ఆడుతుండగా కర్ర తగిలి మా హాస్టలు మిత్రుడి ముందుపన్ను వేరుతో సహా ఊడి మట్టిలో పడింది. వెతికి పట్టుకున్నది నేనే. కుళాయి కింద పెట్టి, గోటితో గీకి, జేబురుమాలుతో తళతళలాడేట్టు తుడిచి, అందులోనే మూటగట్టాను. డాక్టరుగారి దగ్గరకు చేరేసరికి రెండు గంటలయింది. ఆయన పన్నును గూటిలో పెట్టి, అప్పటి పద్ధతి ప్రకారం తీగతో బిగించి ఆరు వారాలు ఉంచారు. నాలుగేళ్లకు ఆ పన్ను వేరు కరిగి, విరిగి చేతికొచ్చింది. దంతవైద్యం చదివిన తర్వాత గాని నాకు తెలియలేదు, దాన్ని చంపింది హాకీ కర్ర కాదు, నా శుభ్రత అని!

వేరు మీది ప్రాణం

పన్ను ఎముకలో మేకులా దిగగొట్టి ఉండదు. వేరుకూ, ఎముక గూటికీ మధ్య సన్నని నారల పొర ఒకటి ఉంటుంది. దీన్నే పరిదంత స్నాయువు అంటారు. మందం మిల్లీమీటరులో ఐదో వంతు. మనం నమిలేటప్పుడు పన్నును ఉయ్యాలలా మోసేది ఇదే. పన్ను ఊడినపుడు ఈ పొర తెగి, కొంత గూటిలోనూ, కొంత వేరు మీదా మిగులుతుంది. వేరు మీది కణాలు బతికి ఉంటే నారలు తిరిగి అతుక్కుంటాయి. కాని పొడిగా గాలిలో ఉంటే 60 నిమిషాలలో అవి దాదాపు అన్నీ చచ్చిపోతాయి. డెన్మార్కులో ఆండ్రియాసెన్ తన సహచరునితో కలిసి ఇలా తిరిగి పెట్టిన 110 పళ్లను పరిశీలించి 1966లో ఫలితాలు ప్రకటించారు. అరగంటలోపు పెట్టిన వాటిలో అత్యధికం నిలిచాయి. రెండు గంటలు దాటిన వాటిలో దాదాపు అన్నిటికీ వేరు కరగడం కనిపించింది.

వెంటనే చేయవలసినది

1. పన్నును పైభాగం దగ్గర పట్టుకోవాలి. వేరును ముట్టరాదు, గీకరాదు, తుడవరాదు.

2. మట్టి అంటితే పాలతో గాని, సెలైనుతో గాని, అవి లేకపోతే కుళాయి నీటితో గాని కొద్ది క్షణాలు కడిగి, గూటిలో సరిగ్గా పెట్టి, శుభ్రమైన గుడ్డ కొరికి పట్టుకోమనాలి.

3. అంత ధైర్యం చాలకపోతే చల్లని పాలలో వేసి వెంటనే దంతవైద్యుని దగ్గరకు తీసుకుపోవాలి. నీళ్లలో ఉంచరాదు. నీళ్లలో కణాలు ఉబ్బి పగిలిపోతాయి.

4. పాలపన్ను అయితే తిరిగి పెట్టనే కూడదు. కింద ఎదుగుతున్న శాశ్వత దంతానికి దెబ్బ తగలవచ్చు.

కట్టు సంగతి

చేయి విరిగితే పుత్తూరు కట్టు కట్టి కదలనివ్వరు. అక్కడ అతకవలసింది ఎముక. ఇక్కడ అతకవలసింది నార. అందుకని పన్నుకు కట్టే స్ప్లింట్ దాన్ని పడిపోకుండా పట్టుకోవాలి, అంతేగాని బిగించెయ్యకూడదు. 0.4 మిల్లీమీటరుకు మించని సన్నని స్టీలు తీగను గాని, చేపల గాలానికి వాడే నైలాన్ దారం వంటిదాన్ని గాని, ఆ పన్నుకూ, అటూ ఇటూ ఉన్న మంచి పళ్లకూ పెదవి వైపున కాంపోజిట్‌తో అంటిస్తారు. చిగురుకు తగలకుండా ఉంచితే బ్రష్ చేసుకోవడానికి వీలుంటుంది. గడువు రెండు వారాలు. గూటి ఎముక కూడా విరిగితే నాలుగు వారాలు.

గట్టిగా, ఎక్కువకాలం కడితే నష్టమేమిటి? కాస్త కదలిక లేకపోతే నార పొర కోలుకోక, ఎముక నేరుగా వేరును అంటుకునే ప్రమాదం పెరుగుతుంది. ఎముక ఎప్పుడూ తనను తాను కరిగించుకుని కొత్తగా కట్టుకుంటూ ఉంటుంది. ఆ పనిలో వేరును కూడా కలుపుకుని తినేస్తుంది. ఎదిగే పిల్లల్లో అయితే పక్క పళ్లు ముందుకు పోతాయి, ఇది పొట్టిగా మిగిలిపోతుంది. అయినా ఒక మాట ఒప్పుకోవాలి. ఎంత చక్కని కట్టయినా చచ్చిన కణాలను బతికించలేదు. ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది కట్టు కాదు, పన్ను బయట గడిపిన సమయం.

వేరు పూర్తిగా ఎదిగిన పన్నుకు రెండు వారాలలోపు రూట్‌కెనాల్ చికిత్స మొదలుపెట్టాలి. వేరు ఇంకా ఎదుగుతున్న పిల్లల పన్నులో రక్తప్రసారం మళ్లీ ఏర్పడే అవకాశం ఉంది కనుక కనిపెట్టి చూస్తారు. యాంటీబయాటిక్, ధనుర్వాతం ఇంజెక్షను సంగతి డాక్టరు చూస్తారు. రెండు వారాలపాటు మెత్తని అన్నమే తినాలి. ఆ తర్వాత ఏళ్ల తరబడి ఎక్స్‌రే పరీక్షలు తప్పవు. గంట దాటిపోయినా పన్నును పారేయవద్దు. శాశ్వతంగా నిలవకపోయినా, కొన్నేళ్లు ముఖాన్నీ, దవడ ఎముకనూ కాపాడుతుంది.

మా మిత్రుడు ఇప్పటికీ కనిపించినప్పుడల్లా కట్టుడుపన్ను చూపించి, "ఎంత బాగా కడిగావురా!" అంటాడు. ఆనాడు మైదానం పక్కనే క్యాంటీను ఉంది, అందులో పాలూ ఉన్నాయి. లేనిదల్లా నాకు ఆ ముక్క తెలిసి ఉండటమే. ఈ సంచిక చదివిన మీకు ఆ సాకు లేదు.