ఎదుటివారి మాటకూ చోటిచ్చిన పుస్తకం

లాహోర్‌లోని జాత్-పాత్ తోడక్ మండల్ తన 1936 వార్షిక సభకు అధ్యక్షత వహించమని డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్‌ను పిలిచింది. కులాన్ని తుడిచిపెట్టడమే ఆ సంఘం ఆశయం. నడిపేవారు సంస్కర్తలు. అంబేద్కర్ ప్రసంగం రాసి బొంబాయిలో అచ్చుకిచ్చారు. అది చదివాక మండల్ వారికి గుండె జారింది. శాస్త్రాల ప్రామాణ్యాన్ని ప్రశ్నించే భాగాలూ, అంబేద్కర్ హిందూ మతం వీడబోతున్నారన్న సూచనా తీసేస్తే బాగుంటుందన్నారు. కామా కూడా మార్చనని ఆయన తేల్చి చెప్పారు. సభ జరగలేదు. ఆ ప్రసంగమే ‘కుల నిర్మూలన’ పుస్తకమైంది. అంబేద్కర్ తన ఖర్చుతో వేయించిన 1,500 ప్రతులు రెండు నెలల్లో అయిపోయాయి.

ఇక్కడ వెనకాడినవాళ్లు కులాన్ని వెనకేసుకొచ్చేవాళ్లు కారన్నది గమనించాలి. మంచివాళ్లే. నలుగురూ నొచ్చుకుంటారేమోనని జంకారు. మన ఇళ్లలోనూ అంతే. రిజర్వేషన్ల మాటో, కట్నం మాటో, కులాంతర వివాహం మాటో రాగానే “ఇప్పుడెందుకులెండి” అని సర్దిచెప్పేది తరచూ ఇంట్లో అందరికన్నా నెమ్మదైన మనిషే. ఆ సర్దుబాటు వల్ల వినేవాళ్లకు ఇబ్బంది తప్పుతుంది. బాధ పడుతున్నవాళ్లకు మాత్రం నోరు మూతపడుతుంది.

గాంధీజీ ఆ పుస్తకంతో ఏకీభవించలేదు. అయినా ‘హరిజన్’ పత్రికలో దాన్ని చర్చకు పెట్టి, ప్రసంగాన్ని అడ్డుకున్నందుకు మండల్‌నే తప్పుపట్టారు. సంస్కర్తలు దాన్ని చదవాల్సిందే అన్నారు. ఎనిమిదణాల వెలను రెండణాలకో, కనీసం నాలుగణాలకో తగ్గించమని సూచించారు కూడా! ఆ తర్వాతే తన అభ్యంతరాలు రాశారు: ఒక మతాన్ని అందులోని అధములను బట్టి కాక, ఉత్తములను బట్టి తూచాలన్నది వాటిలో ప్రధానమైనది.

అంబేద్కర్ చేసిన పని అంతకన్నా గొప్పది. 1937లో రెండో ముద్రణ తెచ్చినప్పుడు తనపై గాంధీజీ చేసిన విమర్శను అందులోనే అచ్చువేసి, పక్కనే తన జవాబు ఇచ్చారు. పాఠకుడు రెండు వైపులా చదివి తానే తేల్చుకోవచ్చు. తన వాదం మీద అంత నమ్మకం ఉన్నవాడికే అది సాధ్యం. ఆ నమ్మకం పుట్టుకతో రాదు, అలవాటు చేసుకోవాలి. జవాబు చెప్పేముందు అవతలివారి వాదాన్ని మన నోటితో ఒకసారి చెప్పి, “అవును, నేనన్నది అదే” అనిపించుకోగలిగితే మొదటి మెట్టు ఎక్కినట్టే. చాలా తగాదాలు ఆ మెట్టు దగ్గరే చల్లబడతాయి.

అయితే ఆ జవాబు మెత్తగా లేదు. వంశవృత్తిని సమర్థించే గాంధీజీ తానే ఆ వృత్తి చేపట్టలేదనీ, ఆయన చిన్న కుమారుడు బ్రాహ్మణుల అమ్మాయిని పెళ్లాడి పత్రికారంగంలో పనిచేస్తున్నాడనీ అంబేద్కర్ ఎత్తిచూపారు. ఇది వ్యక్తిగత దూషణా? కానే కాదు. ఆ ఉదాహరణ తీసేస్తే వాదంలో ఒక స్తంభం కూలుతుంది, ఎందుకంటే సిద్ధాంతానికీ ఆచరణకూ మధ్య ఉన్న దూరమే అక్కడ చర్చాంశం. ఒకరి ఒంటి రంగునో, యాసనో, పుట్టుకనో వెక్కిరించే మాటను తీసేసి చూడండి, వాదానికి ఏ లోటూ రాదు. “ఉన్నమాట అంటే ఉలుకెందుకు” అని మాట విసిరేవారు ముందుగా తమ మాటకు ఈ పరీక్ష పెట్టుకోవాలి.

ఎదురెదురుగా కూర్చుంటే ఇంకా ఏమేం జరగవచ్చో మన తెలుగువాడు గోరా చూపించారు. నాస్తికుడైనందుకు కళాశాల ఉద్యోగం పోగొట్టుకున్న ఈ వృక్షశాస్త్ర అధ్యాపకుడు 1940లో కృష్ణా జిల్లా ముదునూరులో నాస్తిక కేంద్రం స్థాపించారు. దేవుడి గురించి గాంధీజీకి ఉత్తరాలు రాశారు. 1944లో సేవాగ్రామ్ వెళ్లి ముఖాముఖి మాట్లాడారు. దైవనామస్మరణతో రోజు మొదలుపెట్టే మనిషి ముందు దేవుడు లేడనడానికి గోరా జంకలేదు. గాంధీజీ ఆయన్ని పంపేయనూ లేదు. ఇద్దరూ అంటరానితనం పోవాలన్న పట్టుదల దగ్గర కలిశారు.

గోరా పెద్ద కుమార్తె మనోరమకూ, దళిత యువకుడు అర్జునరావుకూ సేవాగ్రామ్‌లో పెళ్లి జరిపించడానికి గాంధీజీ ఒప్పుకున్నారు. 1936లో వంశవృత్తి పేరిట వర్ణాన్ని సమర్థించిన ఆయనే, నాస్తికుల కోసం ఆ పెళ్లి తంతులో దేవుడి పేరుకు బదులు సత్యాన్ని నిలపడానికీ సిద్ధపడ్డారు. కానీ తాను హత్యకు గురవడంతో ఆ పెళ్లి చూడలేకపోయారు. 1948 మార్చి 13న అక్కడే అది జరిగింది.